వేలే కదా అని తీసెయ్యకండి

బతుకుతెరువు మాట వస్తే మనవాళ్లు "నాలుగు వేళ్లూ నోట్లోకి పోవాలి కదా" అంటారు. దూరపు చుట్టరికాన్ని "వేలు విడిచిన" చుట్టరికం అంటారు. ద్రోణుడు ఏకలవ్యుణ్ణి దక్షిణ అడగవలసి వచ్చినప్పుడు ఆవుల్నీ అడగలేదు, బంగారాన్నీ అడగలేదు. బొటనవేలు అడిగాడు. అది పోతే విద్య పోయినట్టేనని ఆయనకు తెలుసు. మాటల్లోనూ కథల్లోనూ ఇంత పెద్దపీట వేసిన వేలికి నిజంగా దెబ్బ తగిలిన నాడు మనం ఇచ్చే విలువ ఎంతయ్యా అంటే, "ఆఁ, వేలే కదా! లాగితే సర్దుకుంటుంది" అనేంత.

ఈ సంచికలో విద్యావిధానం మీద, నిరుద్యోగం మీద, సాహిత్యం మీద మిత్రులు పెద్ద పెద్ద వ్యాసాలు రాసే ఉంటారు. వాటి నడుమ వేలి కీలు గొడవ ఏమిటని నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు. కాని మన విద్యార్థులు ఏ ఆట ఆడినా ముందుగా దెబ్బతినేది వేళ్లే. వాలీబాల్‌లో బ్లాకుకి లేచినవాడి వేళ్లు, స్లిప్పులో నిలబడ్డవాడి వేళ్లు, బాస్కెట్‌బాల్ అందుకోబోయిన అమ్మాయి వేళ్లు, కబడ్డీలో చీలమండ పట్టుకోబోయినవాడి వేళ్లు. కాబట్టి ఇది మన సంఘానికి సంబంధించిన విషయమేనని నా అభిప్రాయం. నేను డాక్టర్ని కాను. ఈ కళాశాల జట్టులో వాలీబాల్ ఆడిన పూర్వ విద్యార్థిని. ఎముకల డాక్టర్లు ఏకాభిప్రాయంతో చెప్పే సంగతుల్నే నా మాటల్లో చెబుతున్నాను.

నేను మెట్టుగూడవాణ్ణి. లాలాగూడ రైల్వే వర్క్‌షాపు 1893 నాటిది. దాని చుట్టూ పెరిగిన బస్తీల్లో మాదొకటి. క్వార్టర్ల మధ్య కాస్త జాగా కనబడితే చాలు, అక్కడొక వికెట్టో వలో లేస్తుంది. 2017 నవంబరులో మెట్రో రైలు వచ్చి మా రోడ్డు రూపు మార్చిందిగాని ఆటల తీరు మార్చలేదు, దెబ్బల వైద్యమూ మార్చలేదు.

మా వీధిలో ఒక ఫిట్టరుగారి అబ్బాయి ఉన్నాడు. ఐ.టి.ఐ. చదువుతూ సెలవు రోజుల్లో వికెట్ల వెనక నిలబడేవాడు. ఒకనాడు బంతి చూపుడువేలి కొసకు తగిలి నడిమి కీలు తప్పింది. జట్టులో పెద్దవాడు ఒకతను "కళ్లు మూసుకోరా తమ్మీ" అని వేలు పట్టి ఒక్క గుంజు గుంజాడు. టక్కుమంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంట్లో పసుపూ సున్నమూ పట్టించి గుడ్డ బిగించి కట్టారు. "కదులుతోంది కదా, ఎక్స్‌రే ఎందుకు దండగ" అన్నారు. వాపు తగ్గలేదు. నెలన్నరకు పెద్దాసుపత్రికి తీసుకుపోతే, కీలు సగమే కూర్చున్నదనీ, ఎముక చెక్కు ఒకటి లేచి ఉందనీ తేలింది. ఇప్పుడిక ఆపరేషను తప్పదు, చేసినా వేలు మునుపటిలా వంగుతుందని మాట ఇవ్వలేమని చెప్పారు. ఆ పిల్లవాడు ఇవాళ ఆకురాయి పట్టుకుంటే చూపుడువేలు దాని మీద కూర్చోదు. చేతిపని నేర్చుకుని బతకవలసినవాడికి అదేమీ చిన్న లోటు కాదు.

వేలు గుంజిన ఆ అన్న చెడ్డవాడేమీ కాడు. సాయం చెయ్యాలనే గుంజాడు. సాయం చెయ్యడం ఎలాగో అతనికి ఎవరూ చెప్పకపోవడమే ఇక్కడి దోషం. ఆ చెప్పవలసింది ఎవరన్నదే ఈ వ్యాసంలో నా ప్రశ్న.

గుర్తుపట్టడం ఎలా?

ఒక్క చేతిలో 27 ఎముకలుంటే అందులో 14 వేళ్లవే. బొటనవేలికి రెండు, తక్కిన నాలుగింటికి మూడేసి. ఒక ఎముక కొన మరొకదాని మొదట్లో కూర్చునే చోటు కీలు. పక్కలకు జారకుండా లిగమెంట్లు, వెనక్కి విరక్కుండా అరచేతి వైపున ఒక దళసరి పట్టీ ఆ కీలును పట్టి ఉంచుతాయి. దెబ్బకు ఈ కట్లు తెగి ఎముక తన చోటునుంచి పక్కకు జరిగితే కీలు తప్పిందంటాం. కట్లు సాగి ఎముక చోటు తప్పకపోతే అది బెణుకు. ఎముకే పగిలితే విరుగు. చాలాసార్లు ఈ మూడూ కలిసి వస్తాయి. తంటా అంతా అక్కడే ఉంది.

ఎక్కువగా తప్పేది వేలి నడిమి కీలు, అదీ వెనకవైపుకు. వేలు మెట్టులా ఎత్తుగా లేచో, పక్కకు వాలో, పొట్టిగానో కనిపిస్తుంది. రెండో చేతి వేలును పక్కన పెట్టి చూస్తే తేడా తెలిసిపోతుంది. వంచుదామంటే వంగదు. నిమిషాల్లో వాపు వస్తుంది. వాపు వచ్చాక వంకర కూడా దాగిపోతుంది గనుక మొదటి నిమిషంలో చూసినదాన్ని గుర్తు పెట్టుకుని డాక్టరుకి చెప్పడం మంచిది.

కొన్నిసార్లు తప్పిన కీలు తనంతట తానే వెనక్కి వచ్చేస్తుంది. "తప్పింది, మళ్లీ కూర్చుంది, అయిపోయింది" అనుకుంటాం. కాని కట్టు తెగకుండా కీలు తప్పదు కదా! కాబట్టి అలాంటి వేలిని కూడా చూపించుకోవలసిందే. అలాగే బంతి కొసకు తగిలాక వేలి చివరి కణుపు కిందికి వాలిపోయి, దానంతటది లేవకపోతే, వెనక ఉన్న నరంలాంటి తాడు తెగిందన్నమాట. నొప్పి అంతగా ఉండదు గనుక ఎవరూ పట్టించుకోరు. దానికి మందు ఆ కణుపును 6 నుంచి 8 వారాలు ఒక్క పూట కూడా వంగనీయకుండా చిన్న బద్దతో నిటారుగా ఉంచడమే.

బొటనవేలి సంగతి వేరే చెప్పాలి. చేతి పనిలో 40 శాతం దాకా దానిదేనని అంచనా. కిందపడినప్పుడు అది పక్కకు విరుచుకుంటే మొదటి కీలు లోపలి వైపు లిగమెంటు తెగుతుంది. స్కాట్లండ్‌లో వేటజంతువుల కాపలాదార్లకు కుందేళ్ల మెడలు విరిచే పనిలో ఇదే కట్టు సాగిపోయేదని 1955లో ఒక వైద్యుడు రాశాడు. అందుకే వాళ్ల పేరే దీనికి స్థిరపడిపోయింది. వేలు చూడడానికి సరిగానే ఉంటుంది. తాళంచెవి తిప్పబోతేనో, సుద్దముక్క పట్టుకోబోతేనో పట్టు జారిపోతుంది. పూర్తిగా తెగితే చాలామందికి ఆపరేషను అవసరం. నిర్లక్ష్యం చేస్తే జీవితాంతం పట్టు లేని చెయ్యే మిగులుతుంది.

మొదటి అరగంట

ఇది ప్రతి ఆటగాడికీ కంఠతా రావాలి.

ఒకటి: ఉంగరం, తాయెత్తు దారం, గాజు, వాచీ వెంటనే తీసెయ్యాలి. వాపు వచ్చాక ఉంగరం ఉరితాడవుతుంది.

రెండు: వేలు ఎలా ఉందో అలాగే ఉంచి, ఒక అట్టముక్కో, సగానికి విరిచిన చెక్క స్కేలో కింద పెట్టి మెత్తగా చుట్టాలి. వంకర తియ్యబోకూడదు.

మూడు: ఐసు ముక్కల్ని గుడ్డలో చుట్టి 10, 15 నిమిషాలు పెట్టి తీసెయ్యాలి. ఐసు నేరుగా చర్మానికి తగలకూడదు. చెయ్యి గుండెకన్నా ఎత్తులో ఉండాలి.

నాలుగు: నూనె మర్దనా, కాపడం, జండూబామూ వద్దే వద్దు.

ఐదు: అదే రోజున, వీలైతే ఆ గంటలోనే, ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి పోవాలి. ఆలస్యమైనకొద్దీ కీలు సర్దడం కష్టమవుతుంది. వారాలు గడిస్తే కత్తి పెట్టక తప్పదు.

మూడు సందర్భాల్లో మాత్రం నిమిషం కూడా ఆగకూడదు. కీలు దగ్గర చర్మం చిట్లి రక్తం వస్తున్నా, ఎముక కనబడుతున్నా శుభ్రమైన గుడ్డ కప్పి పరుగెత్తాలి. టెటనస్ ఇంజెక్షను సంగతి అక్కడ అడగాలి. వేలు పాలిపోయినా, నీలమైనా, చల్లబడినా, స్పర్శ తెలియకపోయినా అంతే. పిడికిలి దగ్గరి కీలు తప్పి, అరచేతి చర్మం ఒకచోట లోపలికి గుంటపడినా అంతే.

లాగితే ఏమవుతుంది?

మెటికలు విరుచుకోవడం మనకు అలవాటు. వేలు లాగితే టక్కుమంటుంది, హాయిగా ఉంటుంది. కీలు తప్పినప్పుడు కూడా మనవాళ్లకు తోచే వైద్యం అదే. కాని లోపల జరిగేది వేరు.

ఇందాక చెప్పిన అరచేతి వైపు పట్టీ తెగినప్పుడు ఎముకల సందులోకి పోయి ఇరుక్కోవచ్చు. చూపుడువేలికీ, బొటనవేలికీ పిడికిలి దగ్గరి కీలులో ఇది జరుగుతుంది. అప్పుడు ఎముక తల చుట్టుపక్కల తాళ్ల నడుమ కాజాలో గుండీ ఇరుక్కున్నట్టు ఇరుక్కుంటుంది. కాజాను రెండువైపులా లాగితే గుండీ ఊడుతుందా? ఇంకా బిగుసుకుంటుంది. ఇదీ అంతే. కొంచెంగా తప్పి, డాక్టరు చేతిలో సులువుగా సర్దుకోగల కీలును గట్టిగా గుంజి ఆపరేషను దాకా తెచ్చుకోవచ్చు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. ఎముకలో పగులు ఉంటే ఆ గుంజుడికి ముక్క మరింత జరిగిపోతుంది.

డాక్టరు కూడా చివరకు లాగే సర్దుతాడు కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. ముందు ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి ఎక్స్‌రే తీయించి, వేలి మొదట్లో మత్తు ఇంజెక్షను ఇచ్చి, ఎముక ఏ దారిన బయటికి వచ్చిందో ఆ దారినే వెనక్కి నడిపిస్తాడు. అందులో బలం కన్నా దారి తెలియడం ముఖ్యం. తర్వాత కీలు నిలుస్తోందో లేదో పరీక్షించి మళ్లీ ఎక్స్‌రే తీస్తాడు. పెద్ద పోటీల్లో మైదానంలోనే సర్దే ఆటల డాక్టర్లున్నారు. వాళ్లకు ఆ శిక్షణ ఉంది. మనవాడికి ఉన్నది ఉత్సాహమే.

1895 డిసెంబరు 22న రాంట్‌జన్ తన భార్య చేతిని ఎక్స్‌రే తీశాడు. వేళ్ల ఎముకలూ, వేలికి ఉన్న ఉంగరమూ కనిపించే ఆ బొమ్మతోనే ఈ విద్య లోకానికి తెలిసివచ్చింది. ఎక్స్‌రే ప్రసిద్ధికి వచ్చిందే వేళ్ల బొమ్మతో. ఇన్నేళ్ల తర్వాత కూడా మనం వేలికి ఎక్స్‌రే దండగ అంటున్నాం!

కట్టు వైద్యుల మాట

మా ప్రాంతంలో కీలు తప్పితే కొందరు పహిల్వాన్ దగ్గరికి పోతారు, కొందరు "పుత్తూరు కట్టు" బోర్డు ఎక్కడుందో వెతుక్కుంటూ పోతారు. ఆకు పసరు, గుడ్డు సొన, వెదురు బద్దలు, గుడ్డ పట్టీలతో కట్టే పుత్తూరు కట్టుకు తెలుగుదేశమంతటా పేరుంది. దాన్ని మొత్తంగా మోసమని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. బీదవాడికి అక్కడ ఖర్చు తక్కువ. పలకరింపు ఉంటుంది. చేత్తో పట్టి చూసే మనిషి ఉంటాడు. పెద్దాసుపత్రిలో చీటీ రాయించుకుని వరసలో నిలబడిన వాడికి ఇవన్నీ పెద్ద విషయాలే. జనం అటు పోతున్నారని విసుక్కునే ముందు ఇటు ఎందుకు రావడం లేదో ఆలోచించాలి.

అయితే ఆ సంప్రదాయానికి మూలపురుషుడైన సుశ్రుతుడే మనకంటే జాగ్రత్తగా మాట్లాడాడు. కీలు తప్పడాన్ని ఆయన ఆరు రకాలుగా విడదీశాడు. అంటే, ఏ రకమో తెలియకుండా చెయ్యి వెయ్యవద్దనే కదా! తప్పిన వేలిని సమంగా కూర్చి పలుచని గుడ్డతో చుట్టమన్నాడు. కట్టు వదులైతే కీలు నిలవదనీ, మరీ బిగిస్తే వాపూ నొప్పీ పుట్టి చర్మం చెడుతుందనీ హెచ్చరించాడు. మన వీధి కట్లలో జరిగే ప్రమాదం సరిగ్గా ఇదే. బిగింపు ఎక్కువై రక్తం ఆడక వేలు నల్లబడి, చివరికి తీసెయ్యవలసి వచ్చే ప్రమాదం ఉంది. ఎవరు కట్టినా సరే, వేలి కొస కట్టు బయట కనబడాలి. అది నల్లబడినా, మొద్దుబారినా, నొప్పి పెరిగినా కట్టు వెంటనే విప్పించాలి. కట్టించుకునేది ఎక్కడైనా ఎక్స్‌రే మాత్రం ముందుగా తీయించుకోవాలి.

ఇంకొక సంగతి. నెలల తరబడి కదలకుండా కట్టి ఉంచడం కూడా వైద్యం కాదు. వేలి కీలు పనిలేకపోతే త్వరగా బిగుసుకుపోతుంది. అందుకే సర్దిన తర్వాత చాలా వేళ్లను పక్క వేలితో జతచేసి టేపు చుడతారు. పక్కది తోడుగా నడిపిస్తుంటే ఇది వంగుతూ ఉంటుంది. ఆ జతకట్టు సుమారు మూడు వారాలు ఉంటుంది. ఎప్పటినుంచి వంచాలో, ఎంత వంచాలో డాక్టరు చెబుతాడు. ఆ కసరత్తు మానేస్తే సర్దిన ఫలితం సగం పోతుంది. వాపు మాత్రం నెలల తరబడి ఉండవచ్చు. దానికి బెంగపడనక్కరలేదు.

వీరుల సంగతి

కుర్రవాళ్లతో ఈ మాటలంటే క్రికెట్ వీరుల్ని చూపిస్తారు. 2022 డిసెంబరు 7న మీర్పూరులో బంగ్లాదేశ్‌తో ఆడుతూ రోహిత్ శర్మ స్లిప్పులో బొటనవేలికి దెబ్బ తిన్నాడు. కీలు తప్పింది, కుట్లు పడ్డాయి. అయినా తొమ్మిదో నంబరులో దిగి 28 బంతుల్లో 51 పరుగులు చేసి నాటౌటుగా నిలిచాడు. 2021 జనవరిలో సిడ్నీ టెస్టులో స్టార్క్ బంతికి బొటనవేలి కీలు తప్పిన జడేజా, అవసరమైతే ఆడతానని ప్యాడ్లు కట్టుకుని కూర్చున్నాడు. మన హనుమ విహారి 2023లో ఆంధ్ర జట్టు తరఫున ఇందోరులో మణికట్టు విరిగినా ఎడమచేతివాటంగా నిలబడి ఒంటిచేత్తో బ్యాటు ఊపాడు. చూసి ఒళ్లు పులకరించినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

కాని ఆ కథల మిగతా సగం మనవాళ్లు చెప్పరు. రోహిత్ మొదట ఆసుపత్రికి వెళ్లి పరీక్ష చేయించుకుని వచ్చాకే బ్యాటు పట్టాడు. ఆ తర్వాత మూడో వన్డే, రెండు టెస్టులూ ఆడలేదు. జడేజాకు ఆపరేషను అయింది. తర్వాత ఇంగ్లండుతో స్వదేశంలో జరిగిన టెస్టులకు దూరమయ్యాడు. వాళ్ల వెనక డాక్టర్లున్నారు, ఫిజియోలున్నారు, విశ్రాంతి తీసుకునే వీలుంది. మన కళాశాల కీపరుకి ఏముంది? జేబులో బస్సు పాసు, వచ్చే నెలలో పరీక్షలు. ధైర్యం వాళ్లనుంచి నేర్చుకుందాం. ఎక్స్‌రే తీయించుకోవడం కూడా వాళ్లనుంచే నేర్చుకుందాం.

సంఘానికి నా మనవి

ఏటా ఆటల రుసుం వసూలవుతుంది. కప్పులు కొంటారు, బనీన్లు కుట్టిస్తారు, ఫొటోలు తీయిస్తారు. అన్నీ కావలసినవే. ఒక జట్టు బనీన్ల ఖర్చులో కొంత మిగిల్చినా నేను చెప్పబోయే పనులు జరుగుతాయి.

మైదానంలో ఒక పెట్టె ఉండాలి. అందులో చెక్క బద్దలు, టేపు, క్రేపు బ్యాండేజీ, శుభ్రమైన గాజు గుడ్డ, కత్తెర ఉండాలి. ఆట ఉన్న రోజున ఐసు ఉండాలి. పెట్టె తాళంచెవి గుమాస్తా ఇంట్లో కాకుండా మైదానంలో ఉండాలి. నేను ఆడిన రోజుల్లో ఒక పోటీకి వెళితే, కప్పు పెట్టడానికి పట్టుగుడ్డ పరిచిన బల్ల ఉందిగాని దెబ్బ తగిలినవాడికి చల్లని నీళ్లు కూడా లేవు. ఆ పరిస్థితి మన మైదానంలో ఉండరాదు.

ప్రతి జట్టునుంచి ఇద్దరికి ప్రథమ చికిత్స నేర్పించాలి. రెడ్‌క్రాసు, సెయింట్ జాన్ అంబులెన్సు సంస్థలు ఈ శిక్షణ ఇస్తాయి. అమ్మాయిల జట్టులో అమ్మాయిలకే నేర్పించాలి. దెబ్బ తగిలితే ఇంట్లో ఆట మానిపిస్తారని దాచిపెట్టే చెల్లెళ్లు ఉంటారు. పక్కనున్న స్నేహితురాలికి తెలిస్తే ఆ దాపరికం సగం తగ్గుతుంది.

హాస్టలు విద్యార్థికి దెబ్బ తగిలితే వెంట వెళ్లే మనిషిని సంఘమే పంపాలి. మా మెట్టుగూడ వైపునుంచి ముషీరాబాదులోని గాంధీ ఆసుపత్రి పెద్ద దూరమేమీ కాదు. రైల్వే కుటుంబాలవాళ్లకు లాలాగూడలో రైల్వే ఆసుపత్రే ఉంది. కొరత ఆసుపత్రులకు లేదు. "పదరా, నేను వస్తాను" అనే తోడుకే ఉంది.

ఇక అధ్యాపక మిత్రులకు ఒక మాట. రాసే చేతి వేలు తప్పిన విద్యార్థి డాక్టరు చీటీ తెస్తే, ప్రాక్టికల్ రికార్డుకి గడువు పెంచడం, పరీక్షలో రాసిపెట్టే మనిషిని ఏర్పాటు చెయ్యడం వంటి పనుల్ని ఆఫీసుల చుట్టూ తిప్పకుండా ఒక్కరోజులో తేల్చాలి. పరీక్ష పోతుందన్న భయంతోనే పిల్లలు కట్టు ముందుగా విప్పేసుకుంటారు.

ఈ కోరికలు చిన్నవనీ, సంఘం ముందు ఇంతకన్నా పెద్ద సమస్యలున్నాయనీ అనేవారుంటారు. హాస్టలు భోజనం, స్కాలర్‌షిప్పులు, ఉద్యోగాలు పెద్ద సమస్యలే, కాదనను. వాటికోసం పోరాడవలసిందే. కాని అవి తేలాలంటే ప్రభుత్వం కదలాలి. దీనికి ఎవరూ కదలనక్కరలేదు, ఎవరికీ మెమొరాండం ఇవ్వనక్కరలేదు. వచ్చే ఏడాది కార్యవర్గం మొదటి సమావేశంలో ఒక్క తీర్మానం చేస్తే చాలు. ఆ తీర్మానంతోపాటు మైదానం గోడ మీద పెద్ద అక్షరాలతో నాలుగు ముక్కలు రాయించండి: "వేలు లాగవద్దు. ఉంగరం తియ్యి. ఐసు పెట్టు. ఎక్స్‌రేకి నడు." రంగు డబ్బా ఖర్చు నేనిస్తాను.